మోటారుకూ ఫ్యానుకూ మధ్య

కోల్‌కతాకు దిగువన, హుగ్లీ ఒడ్డున ఉంది బడ్జ్ బడ్జ్. ఈ తీరంలోని జూట్ మిల్లుల్లో పనికి గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువాళ్లు తరాలుగా వలస వెళ్లారు. తొలినాళ్లలో ఒక్క ఆవిరి ఇంజనే మిల్లు మొత్తాన్నీ నడిపేది. దాని పెద్ద చక్రం నుంచి తాళ్లు, తాళ్లతో తిరిగే పొడవాటి షాఫ్టు, అక్కణ్నుంచి ఒక్కో యంత్రానికీ ఒక తోలు బెల్టు.

ఇప్పుడు అదే ఊరి పక్కన, పూజాలిలో సీఈఎస్‌సీ అనే విద్యుత్ కంపెనీ థర్మల్ కేంద్రం ఉంది. ఒక్కొక్కటి 250 మెగావాట్ల చొప్పున మూడు యూనిట్లు. బొగ్గుపొడి మండించే ఇలాంటి కేంద్రాల్లో బాయిలరుకు ఊపిరి ఫ్యాన్లే. ఎఫ్‌డీ ఫ్యాను బయటి గాలిని లోపలికి తోస్తుంది, పీఏ ఫ్యాను బొగ్గుపొడిని మోసుకెళ్తుంది, ఐడీ ఫ్యాను పొగను లాగి చిమ్నీకి పంపుతుంది. ఈ మూడింటిలో కష్టజీవి ఐడీ ఫ్యానే. దాని గుండా పోయే పొగ నూటముప్పై డిగ్రీల దాకా వేడిగా ఉంటుంది. అందులో మిగిలిన బూడిద రెక్కల్ని ఆకురాయిలా అరగదీస్తుంది.

మోటారు షాఫ్టుకే రెక్కల చక్రాన్ని తగిలించేస్తే అన్నిటికన్నా చవక. చిన్న ఫ్యాన్లకు అదే చేస్తారు. పొగ వేడైనప్పుడు మాత్రం ఆ వేడి షాఫ్టు వెంట మోటారు బేరింగుల్లోకి పాకుతుంది. అందుకే పెద్ద ఫ్యాన్లలో బరువైన చక్రాన్ని రెండు బేరింగుల మధ్య నిలబెట్టి, మోటారును దూరంగా పెట్టి, కప్లింగుతో కలుపుతారు.

మన రైసుమిల్లుల్లో కనిపించేవి ఎక్కువగా వీ-బెల్టులు. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతూ ఫ్యాను 960 తిరగాలంటే, ఫ్యాను పుల్లీ మోటారు పుల్లీకి ఒకటిన్నర రెట్లు ఉంటే చాలు. వేగం మార్చాలంటే పుల్లీ మారిస్తే సరి. అయితే బెల్టు షాఫ్టును ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. మరీ బిగిస్తే బేరింగు పోతుంది, వదులైతే బెల్టు జారి కాలుతుంది. నాలుగు బెల్టుల్లో ఒకటి తెగితే నాలుగూ మార్చాలి. కొత్తదొక్కటే వేస్తే పాతవి సాగి ఉంటాయి కనుక భారమంతా దాని మీదే పడుతుంది. ఈ ఖర్చుకు మాత్రం మిల్లువాళ్లు వెనకాడుతూనే ఉంటారు!

అసలు డబ్బు పోయేది మరోచోట. విద్యుత్ కేంద్రాన్నే చూడండి, రాత్రి కరెంటు వాడకం తగ్గితే బాయిలరుకు గాలీ తక్కువ చాలు. మోటారును పూర్తి వేగంతో తిప్పుతూ, గాలిదారికి అడ్డుపెట్టే తలుపును, అంటే డ్యాంపరును, మూసి గాలి తగ్గించడమంటే ఎద్దుల్ని అదిలిస్తూనే పగ్గం లాగడం. ఫ్యాను తీసుకునే శక్తి దాని వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. వేగం 80 శాతానికి తగ్గితే గాలీ 80 శాతమే వస్తుంది, కావలసిన శక్తి మాత్రం 51 శాతానికి పడిపోతుంది.

వేగం తగ్గించడానికి పాత దారి ద్రవ కప్లింగు. ఓడల కోసం జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 20వ శతాబ్దం తొలి ఏళ్లలో దీన్ని రూపొందించాడు. రెక్కలున్న రెండు చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి, ఒకదాన్నొకటి తాకవు. మోటారు వైపు చక్రం నూనెను విసిరితే ఆ ఊపుకు రెండోది తిరుగుతుంది. నూనె తగ్గిస్తే ఫ్యాను నెమ్మదిస్తుంది. భారీ చక్రం ఒక్క కుదుపుతో కాక మెల్లగా వేగం అందుకోవడం దీని అదనపు లాభం. లోపం ఏమిటంటే, జారిన మేర శక్తి నూనెలో వేడిగా పోతుంది. 80 శాతం వేగం దగ్గర ఫ్యానుకు 51 పాళ్లు చాలినా మోటారు 64 పాళ్లు ఇవ్వాలి. విద్యుత్ ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్నే తగ్గించే వీఎఫ్‌డీలో ఆ నష్టం కొద్ది శాతమే. దాని కొనుగోలు ఖర్చు మాత్రం ఎక్కువ.

కాబట్టి రోజంతా పూర్తి గాలి ఇవ్వాల్సిన ఫ్యానుకు వీఎఫ్‌డీ పెట్టించడం దండగ. సగం డ్యాంపరు మూసుకుని నెలల తరబడి తిరిగే ఫ్యాను మీ మిల్లులో ఉంటే, బెల్టు ఫ్యానైతే ముందు పుల్లీ మార్పించి చూడండి. గాలి అవసరం పూటపూటకూ మారుతుంటేనే వీఎఫ్‌డీ ధర అడగండి.