బొగ్గునుండి మడ్డికి

రామగుండము, గోదావరిఖని ప్రాంతముల బావులలో సింగరేణి కార్మికులు త్రవ్వి తీయు బొగ్గునందు, ఇనుము గంధకముతో గూడి యేర్పడిన ఖనిజకణముల నాశ్రయించి, పాదరసము యుగములుగా నిశ్చలముగా నుండును. లోకమునందలి బొగ్గులలో సామాన్యముగా టన్నునకు గ్రాములో పదియవ పాలు ప్రాంతముననే యుండు నీ లోహము గణనకు రాదని తోచవచ్చును గాని, పదివేల టన్నులు దగ్ధమైనచో నది కిలోగ్రామగును. 1983లో తొలి యూనిటుతో ఆరంభమై 2600 మెగావాట్లకు పెరిగిన రామగుండము ఎన్‌.టి.పి.సి. కేంద్రము పూర్ణశక్తితో నడచునాడు అంతకు మించిన బొగ్గునే దహించును.

పాదరసము 357 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగును. కావున కొలిమిలో నది యంతయు ఆవిరియగును. కొంత బూడిదనంటి బూడిద చెరువును జేరును, కొంత పొగగొట్టము దాటి వాయువులో మాసములు సంచరించి వర్షముతో నేల కవతరించును. ఈ పొగలో ఘనమీటరునకు 0.03 మిల్లీగ్రామును మించరాదని మన ప్రభుత్వము 2015 డిసెంబరులో నిర్ణయించినది.

పట్టణపు మురుగులోనికి వచ్చు పాదరసమునకు ఈ వర్షజలము గాక వేరు దారులును గలవు: దంతవైద్యులు పంటిగుంతలను పూడ్చు మిశ్రమములో సుమారు సగము పాదరసమే, పగిలిన థర్మామీటరులు, ట్యూబులైట్లు తక్కినవి. మురుగు శుద్ధికేంద్రమున సూక్ష్మజీవులు మాలిన్యమును భుజించి అడుగున మడ్డిగా పేరుకొనునప్పుడు, వాని మాంసకృత్తులలోని గంధకమును పాదరసము గట్టిగా పట్టుకొనును. గనిలో దాని నాపినదియు గంధకమే, మడ్డిలో నాపునదియు గంధకమే. నీరు తేటపడును, విషము మాత్రము నశింపదు, మడ్డిలో చిక్కనగును.

ఆ మడ్డిని కాల్చినచో మరల ఆవిరి. తడిగా, గాలి సోకకుండ కుప్పవేసినచో అందలి సూక్ష్మజీవులు పాదరసమును మిథైల్ రూపమునకు మార్చును. 1956లో జపానునందలి మినమాట వద్ద గుర్తింపబడిన ఘోరవ్యాధికి కారణము, కర్మాగారపు వ్యర్థజలమునుండి చేపలలో చేరిన ఆ మిథైల్ పాదరసమే. పొలమునకు చల్లినచో నేల దానిని చిరకాలము మోయవలసియుండును. మన దేశమున నగర కంపోస్టునందు కిలోగ్రామునకు 0.15 మిల్లీగ్రామే పరిమితి. అమెరికాలో పొలములకు వాడు ఉత్తమశ్రేణి మడ్డియందు సైతము 17 మిల్లీగ్రాముల వరకు అనుమతి గలదు. నూరు రెట్లకు మించిన యీ యంతరములో నేను మన కఠిననియమము పక్షముననే నిలుతును; మడ్డితో చేసిన యెరువునకును అదియే వర్తింపవలెను, పరీక్షింపని మడ్డి ట్రాక్టరు నెక్కరాదు.

మడ్డిలో చేరిన పిదప పాదరసమును వేరుచేయుట మిక్కిలి కష్టము, వ్యయసాధ్యము. జన్మస్థానముననే పట్టుట సులభము. ఐరోపా సమాఖ్య దంతవైద్యశాలల నీటినుండి పాదరసమిశ్రమమును వడపోయు సాధనమును 2019 నుండి తప్పనిసరి గావించినది. ఇట్టి సాధనము గోదావరిఖనిలోని ప్రతి దంతవైద్యశాలలోను అమర్పదగినది.