బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అయిపోయింది సరే.. ఆ రిపోర్టు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?

హైదరాబాద్: ఆఫర్ లెటర్ రాగానే ఇంట్లో మిఠాయి పంచుతారు. అసలు హైరానా ఆ తర్వాతే. ఆధార్, పాన్, డిగ్రీ మెమోలు, రిలీవింగ్ లెటర్, పే స్లిప్పులు అన్నీ స్కాన్ చేసి అప్‌లోడ్ చేయాలి. వెరిఫికేషన్ ఏజెన్సీ కాలేజీని, పాత కంపెనీ హెచ్ఆర్‌ను అడుగుతుంది. చిరునామా చూసుకుంటుంది. కోర్టు రికార్డుల్లో పేరు వెతుకుతుంది. చివరికి అంతా ఒక పీడీఎఫ్‌గా మారి కొత్త కంపెనీకి చేరుతుంది.

ఆ పీడీఎఫ్ తర్వాత ఎటు పోయిందని అడిగేవాళ్లు తక్కువ. ఇలాంటివి బయటపడటానికి హ్యాకరే రావాలని లేదు. హెచ్ఆర్ ఆ ఫైలును మేనేజర్‌కు ఫార్వర్డ్ చేస్తారు, మేనేజర్ టీమ్ లీడ్‌కు పంపుతారు. ఎవరో ఫోన్‌లో తెరిచి వాట్సాప్‌లో పెడతారు. ప్రింట్ తీసిన కాగితం ప్రింటర్ మీదే ఉండిపోతుంది. పాత కాగితాలు రద్దీకి పోతే మిర్చి బజ్జీల పొట్లంగా కూడా తిరిగి రావచ్చు.

నష్టం ఎక్కువగా జరిగేది కోర్టు రికార్డుల దగ్గర. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పార్టీ పేరుతో ఎవరైనా వెతకొచ్చు. తనిఖీ కూడా చాలావరకు పేరు, తండ్రి పేరు, చిరునామా మీదే నడుస్తుంది. పాతబస్తీలో మహ్మద్, అబ్దుల్, సయ్యద్ అనే పేర్లు గల్లీకి పదిమందికి ఉంటాయి. శ్రీనివాస్‌లూ తక్కువేం కాదు. పైగా టెన్త్ మెమోలో ‘ఎండీ’, ఆధార్‌లో ‘మొహమ్మద్’, పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగ్. అదే పేరున్న మరొకరి కేసు ఈ అభ్యర్థి రిపోర్టులో ఎర్ర రంగుతో పడితే, అభ్యంతరం చెప్పి సరిచేయించుకోవచ్చు. కానీ మొదటి పీడీఎఫ్ అప్పటికే నలుగురి ఇన్‌బాక్స్‌లో ఉంటే? సరిచేసిన కాపీ ఆ నలుగురికీ చేరదు. చేరినా క్యాంటీన్‌లో మాట ఆగదు. కోర్టు ఎప్పుడో కొట్టేసిన కేసు విషయంలోనూ ఇంతే.

నిజానికి మేనేజర్‌కు కావాల్సింది ‘క్లియర్’ లేదా ‘క్లియర్ కాదు’ అన్న ఒక్క మాట. పూర్తి రిపోర్టు హెచ్ఆర్‌లో ఒకరిద్దరికి మించి ఎవరూ చూడనక్కర్లేదు. మెయిల్‌కు అటాచ్ చేసే బదులు లాగిన్ ఉన్న పోర్టల్‌లోనే ఉంచితే, ఎవరు ఎప్పుడు తెరిచారో రికార్డు ఉంటుంది. పాస్‌వర్డ్ పెట్టాం కదా అని కొందరు అంటారు. పుట్టిన తేదీని పాస్‌వర్డ్‌గా పెట్టి, అదే మెయిల్ కింద రాసి పంపితే తాళం వేసి తాళంచెవి తలుపుకే వదిలినట్టు. హెచ్ఆర్ ఉద్యోగి మానేసిన రోజే ఆ లాగిన్ మూసేయాలి. చాలా చోట్ల మరిచిపోయేది ఇదే.

చట్టం సంగతికొస్తే, గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, కంపెనీల ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఉద్యోగ అవసరాల కోసం కొంత సమాచారాన్ని విడిగా సమ్మతి లేకుండానే వాడుకునే వీలు ఈ చట్టంలో ఉంది. అంతమాత్రాన భద్రత బాధ్యత తప్పదు. తప్పు ఏజెన్సీది అయినా జవాబు చెప్పాల్సింది కంపెనీయే. తగిన భద్రతా ఏర్పాట్లు లేక సమాచారం బయటపడితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. అవసరం తీరాక, వేరే చట్టం ఉంచమంటే తప్ప, చెరిపేయాలి కూడా.

అభ్యర్థులు కూడా కొంత జాగ్రత్త పడొచ్చు. కంపెనీ ఒప్పుకుంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి. సర్టిఫికెట్లు ఏజెంట్ వ్యక్తిగత వాట్సాప్ నంబర్‌కు కాకుండా కంపెనీ చెప్పిన పోర్టల్‌లోనే పెట్టాలి. ఎరుపు పడిందంటే రిపోర్టు కాపీ రాతపూర్వకంగా అడగాలి. తప్పుంటే కేసు నంబర్, అందులోని తండ్రి పేరు చూపించి సరిచేయమనాలి. ఆ పాత కాపీ ఎవరెవరికి వెళ్లిందో, వాళ్ల దగ్గర తీసేశారో లేదో కూడా అదే మెయిల్‌లో అడగడం మంచిది.