రెన్యూ న్యూకాసిల్

రెన్యూ న్యూకాసిల్ ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ నగరంలో ఖాళీగా పడి ఉన్న దుకాణాలను తాత్కాలికంగా వినియోగంలోకి తెచ్చిన లాభాపేక్ష లేని సంస్థ. దీనిని 2008లో మార్కస్ వెస్ట్‌బరీ స్థాపించాడు.

నేపథ్యం

న్యూకాసిల్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో సిడ్నీకి ఉత్తరాన సుమారు 160 కి.మీ. దూరంలో ఉన్న రేవు పట్టణం. ఇక్కడి నుండి బొగ్గు పెద్దయెత్తున ఎగుమతి అవుతుంది. 1989 డిసెంబరు 28న సంభవించిన భూకంపంలో 13 మంది మరణించారు. 1999లో బి.హెచ్.పి. ఉక్కు కర్మాగారం మూతపడినది. కొనుగోలుదారులు శివార్లలోని షాపింగ్ మాల్‌లకు తరలిపోవడంతో ప్రధాన వీధియైన హంటర్ వీధి వెలవెలబోయింది. 2008 నాటికి నగర కేంద్రంలో సుమారు 150 భవనాలు ఖాళీగా ఉన్నట్లు వెస్ట్‌బరీ లెక్కించాడు.

పనిచేసే విధానం

చిన్న వ్యాపారులు దీర్ఘకాలిక లీజు భారాన్ని మోయలేరు. తక్కువ అద్దెకు లీజు ఇస్తే, తరువాత మంచి బేరం వచ్చినపుడు భవనం చేతికి రాదని యజమానుల భయం. ఈ చిక్కును తొలగించడానికి సంస్థ లీజుకు బదులు లైసెన్సు పద్ధతిని ఎంచుకొన్నది. యజమాని అద్దె తీసుకోకుండా భవనాన్ని సంస్థకు అప్పగించేవాడు. సంస్థ దానిని కళాకారులకు, చేతివృత్తులవారికి ఇచ్చేది. యజమాని 30 రోజుల ముందు తెలియజేసి భవనాన్ని తిరిగి తీసుకొనే వీలుండేది. బీమా బాధ్యతను సంస్థ వహించేది. దుకాణాన్ని శుభ్రపరచి, నిర్ణీత వేళల్లో తెరచి ఉంచడం నిర్వాహకుల బాధ్యతగా ఉండేది.

ఫలితాలు

చిత్రశాలలు, ఆభరణాలు, దుస్తులు తయారుచేసేవారి దుకాణాలు వెలిసి, వీధిలో జనసంచారం పెరిగినది. 2011లో చూడదగిన 10 నగరాల జాబితాలో లోన్లీ ప్లానెట్ న్యూకాసిల్‌ను చేర్చింది. కొన్ని దుకాణాలు నిలదొక్కుకొని అద్దె చెల్లించే స్థాయికి ఎదిగాయి. అడిలైడ్‌లో కూడా ఇటువంటి సంస్థ ఏర్పడింది.

పరిమితులు

ఈ పద్ధతికి బలమైన 30 రోజుల నిబంధనే దాని బలహీనత కూడా. గోడలకు రంగులు వేసి, కొనుగోలుదారులను అలవాటు చేసుకొన్న వ్యాపారి నెల గడువులో ఖాళీ చేయవలసి రావచ్చు. వీధికి పెరిగిన ఆదరణ వలన కలిగే లాభం స్థలం యజమానికి చెందుతుంది. దానికి తోడ్పడిన వ్యాపారికి అక్కడ కొనసాగే హక్కు ఉండదు. తరువాతి కాలంలో హంటర్ వీధిలో నివాస సముదాయాల నిర్మాణం మొదలై, తాత్కాలిక దుకాణాలకు దొరికే భవనాలు తగ్గిపోయాయి. 2019లో సంస్థ తన కార్యకలాపాలను ముగించింది.