నిధుల వేటకు గునపం వద్దు

పిల్లలూ! నిధి అనగానే మీకు లంకెబిందెలూ, వాటిని చుట్టుకుని బుసకొట్టే త్రాచుపామూ గుర్తుకు వస్తాయి కదూ? గునపం భుజాన వేసుకుని అమావాస్య రాత్రి ఏ పాడుగుడికో పోవాలని కూడా కొందరికి ఉబలాటం పుడుతుంది. ఈ నెల మీకు నేర్పబోయే వేటకు చీకటీ అక్కరలేదు, గునపమూ అక్కరలేదు. అసలు గునపం ముట్టనివాడే ఇందులో మొనగాడు. ఎందుకో తరవాత చెబుతాను.

మీది కోనసీమలోని మలికిపురం అనుకుందాం. వేట ఇంట్లోనే మొదలుపెట్టండి. పెద్దవాళ్ళను అడిగి అటకమీది రేకుడబ్బా, మామ్మగారి భోషాణం అడుగు, దేవుడి గూటిలోని చిల్లర వెతకండి. నడుమ పెద్ద చిల్లు వున్న బిళ్ళ దొరికిందా? అది చిల్లికాణీ. దాన్ని 1943 నుంచి 1947 వరకు ముద్రించారు. యుద్ధం రోజుల్లో లోహానికి కరువు వచ్చి, నాణెం నడిమి భాగం తీసేసి ఆదా చేశారన్నమాట. అప్పుడు రూపాయికి 16 అణాలు, అణాకు 4 కాణీలు, కాణీకి 3 దమ్మిడీలు. రూపాయికి ఎన్ని దమ్మిడీలో మీరే గుణించి చూడండి. 1957 ఏప్రిల్ 1న ఆ లెక్క పోయి, రూపాయికి 100 నయాపైసలు వచ్చాయి.

పాతవి దొరకకపోతే నాన్నగారి జేబులోని రూపాయలే చాలు. సంవత్సరం అంకె కింద భూతద్దం పెట్టి చూడండి. నక్షత్రం వుంటే ఆ రూపాయి హైదరాబాదు టంకశాలది. వజ్రం ఆకారం వుంటే బొంబాయిది, చుక్క వుంటే నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. మలికిపురం సంతలో మీ చేతికి వచ్చిన బిళ్ళ ఎంత దూరం నడిచి వచ్చిందో చూశారా!

ఇక బస్తీకి పోదాం. దిండి దగ్గర వశిష్ఠమీద చించినాడ వంతెన దాటితే పాలకొల్లు దారి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ఆ వూళ్ళో గుడ్డల వర్తకం చేశారు. పక్కనే నరసాపురంలో సముద్రం మీద పోయే ఓడలు కట్టేవారు. దాని దగ్గరి మాధవాయపాలెం పేరునే ఇంగ్లీషువాళ్ళు నోరు తిరగక మడపొల్లం అని, అక్కడి నూలుగుడ్డకు అదే పేరు పెట్టుకున్నారు. ఇలాంటి బస్తీలలో పాతసామాన్ల కొట్టు కనిపిస్తే వదలకండి.

నా చిన్నతనంలో అలాంటి కొట్టులోనే ఒక రాగి బిళ్ళ దొరికింది. బొత్తాం అంత వుండి, నల్లగా మసిబారి వున్నది. కొట్టువాడు రాగి ధరకే ఇచ్చాడు. ఇంటికి తెచ్చి చింతపండూ బూడిదా వేసి తళతళలాడేటట్టు తోమాను. తోమిన తరవాత చూస్తే దానిమీద ఒక్క గుండ్రని గీత మాత్రం మిగిలింది! డచ్చి కంపెనీ నాణాల మీద వి, ఓ, సి అనే మూడు అక్షరాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని వుంటాయని చాలా ఏళ్ళకు తెలిసింది. నాకు మిగిలినది ఆ ఓ కావచ్చు. మీరు మాత్రం పాత నాణాన్ని తోమకండి. కాగితం పొట్లంలో పెట్టి, ఏ రోజు, ఎక్కడ, ఎవరి దగ్గర దొరికిందో పెన్సిలుతో పొట్లం మీద రాయండి.

ఇప్పుడు గునపం సంగతి. 2024 మార్చి 29న సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో పురావస్తు శాఖవారు తవ్వుతుండగా ఒక మట్టికుండ బయటపడింది. నిజంగా లంకెబిందే! లోపల 3,730 నాణాలు. అయితే బంగారానివి కావు, సీసానివి. ఒక వైపు ఏనుగు, మరో వైపు ఉజ్జయిని చిహ్నం. ఇక్ష్వాకుల కాలంవని పండితులు చెప్పారు. అదే కుండ ఏ దొంగ తవ్వకంలోనో దొరికితే ఏమయ్యేది? సీసమేనా అని విసిరేసేవాళ్ళు, లేదా కరిగించేవాళ్ళు.

దొరికిన చోటు ఎంత మాట చెబుతుందో చూడండి. వేంగి చాళుక్యులైన శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల పలచని బంగారు నాణాలు, నడుమ వరాహం ముద్రతో, బర్మాలో అరకాను తీరాన ఛెదూబా దీవిలో దొరికాయి. సుమారు వెయ్యేళ్ళనాటి మన నాణాలు సముద్రం దాటినట్టు అందువల్లనే తెలిసింది. ఎవరో వాటిని చడీచప్పుడు లేకుండా కంసాలి కొలిమిలో వేసివుంటే, గొలుసు మిగిలేది, ఆ సంగతి మిగిలేది కాదు.

అందుచేత మీ దగ్గరే, వైనతేయ ఒడ్డున వున్న ఆదుర్రు బౌద్ధ స్తూపం చూడబోయినప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని చూడండి. అక్కడ పెంకుముక్క కూడా తియ్యరాదు. లండనులో థేమ్సు నది ఆటు వేళ బురదలో వెతికేవాళ్ళు కూడా ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి.

కాని మీ తోటలో కొబ్బరిమొక్కకు గొయ్యి తీస్తుంటేనో, ఇంటి పునాది తవ్వుతుంటేనో కూలీ పారకు ఠంగుమని బిందె తగిలిందనుకోండి. అప్పుడు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకరు, “కంసాలిని పిలవండి,” అంటారు. ఇంకొకరు, “చెబితే అంతా సర్కారు పట్టుకుపోతుంది,” అంటారు. రెండోది నిజం కాదని మీరు ధైర్యంగా చెప్పవచ్చు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన నిధి దొరికితే, ఏమి దొరికింది, దాని విలువ సుమారు ఎంత, ఎక్కడ, ఏ తేదీన అని కలెక్టరుగారికి కాగితం రాసి ఇవ్వాలి. దాచితే జైలు. విచారణలో సొంతదారు లేడని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, కనుగొన్నవాడికి ముప్పాతిక, నేలగలవాడికి పాతిక. సర్కారే తీసుకుంటే, లోహం విలువా, దానిమీద మరో అయిదోవంతూ చెల్లిస్తుంది. కోనసీమ జిల్లా 2022లో ఏర్పడింది కనక, మలికిపురం వాళ్ళు ఆ కాగితం అమలాపురం పంపితే సరిపోతుంది.

నా రాగి బిళ్ళ ఇప్పటికీ పొట్లంలో వున్నది. పొట్లం మీద కొన్న రోజూ, కొట్టూ రాసివున్నాయి. ఆ కొట్టుకు అది ఎక్కడినుంచి వచ్చిందో అడగాలని మాత్రం ఆనాడు నాకు తోచలేదు.