వందేళ్ల అల అంటే ఏమిటి?

తిరుపతి అనగానే ఏడుకొండలు గుర్తొస్తాయి. కానీ 2022లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక శ్రీహరికోట, వాకాడు తీరాలూ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. అలాంటి చోట జెట్టీ కట్టాలంటే ఇంజనీర్లు ముందుగా దేన్ని కొలుస్తారు? అలను!

అలను పెంచేవి మూడు: గాలి వేగం, అది వీచినంత సేపు, అది సాగే నీటి దూరం. లోతూ, గాలి సాగే దూరమూ తక్కువైన పులికాట్ సరస్సులో ఎంత గాలి వీచినా భారీ అల లేవదు. పక్కనే బంగాళాఖాతంలో గాలికి వందల కిలోమీటర్ల మైదానం దొరుకుతుంది.

కొలిచేది పసుపురంగు బంతి. సముద్రపు అడుక్కి లంగరు వేసి నీటిమీద వదులుతారు. అలతోపాటు అది లేచి దిగుతుంటే లోపలి సెన్సార్ ఆ ఊపును లెక్కగట్టి ఒడ్డుకు పంపుతుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ నెల్లూరు జిల్లా కృష్ణపట్నం తీరంలో ఇలాంటిదే ఏర్పాటు చేసింది.

అలలన్నీ ఒక్కతీరుగా ఉండవు కదా! అందుకే పెద్దవైన మూడోవంతు అలల సగటు తీస్తారు. అది 3 మీటర్లుంటే, మధ్యలో 6 మీటర్ల అల కూడా రావచ్చు.

ఇక ‘వందేళ్ల అల’. వందేళ్లకు ఒక్కసారే వస్తుందని కాదు. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటిగా ఉండేంత పెద్ద అల అని. 50 ఏళ్లు నిలవాల్సిన జెట్టీకి అది ఎదురయ్యే అవకాశం నూటికి దాదాపు 40! నమ్మకం కుదరకపోతే కాలిక్యులేటర్ తీయండి: 50 సార్లు 0.99 వేసి గుణించి, వచ్చినదాన్ని 1లోంచి తీసేయండి.