పసిబిడ్డల క్యాన్సర్: ‘పాకింది’ అనగానే ఆశ వదులుకోవద్దు

‘క్యాన్సర్ పాకింది’ అన్న మాట చెవిన పడితే మన ఇళ్లలో వైద్యం సంగతి పక్కకు పోతుంది. ‘ఇక ఇంటికి తీసుకుపోదాం’ అంటారు పెద్దలు. పెద్దవాళ్ల జబ్బుల్లో చూసిన అనుభవం అది. న్యూరోబ్లాస్టోమా అనే పసిపిల్లల క్యాన్సర్‌లో మాత్రం అదే లెక్క వేస్తే పొరపాటు. ఆసుపత్రి కాగితాలు చదివించుకోవడానికి మా సంఘానికి వచ్చేవారిని చూశాక, కెంచనగుడ్డ, సిరుగుప్ప చుట్టుపక్కల ఊళ్లలో, క్యాంపుల్లో స్థిరపడిన మనవాళ్ల కోసం ఈ వివరాలు రాస్తున్నాం.

బిడ్డ కడుపులో ఉన్నప్పుడే నరాలుగా ఎదగాల్సిన కణాలు కొన్ని ఎదగకుండా ఉండిపోయి గడ్డ కడతాయి. ఎక్కువగా మూత్రపిండం మీద ఉండే అడ్రినల్ గ్రంథిలోనూ, కొందరిలో వెన్నెముక పక్కన ఛాతీలోనో మెడలోనో ఈ గడ్డ వస్తుంది. ఏడాది లోపు బిడ్డల్లో ఎక్కువగా కనబడే క్యాన్సర్ ఇదే. ఇది అంటువ్యాధి కాదు. వంశంలో వచ్చేది నూటికి ఒకటి రెండు కేసులే. కాబట్టి తల్లి తిన్నదాన్నో, పుట్టింటివారినో తప్పు పట్టడం అన్యాయం.

ఈ గుర్తులు చూడండి: కడుపు ఉబ్బి గట్టిగా తగలడం, పాలు తాగకపోవడం, డొక్కలు ఎగరేయడం, చర్మం కింద నీలంగా చిన్న గడ్డలు, దెబ్బ తగలకుండానే కళ్ల చుట్టూ నల్లగా కమలడం, కాళ్లు ఆడించకపోవడం. దిష్టి అనుకుని రోజులు గడపకండి. కడుపులో గడ్డ తగిలితే నూనె రాసి నొక్కకండి.

ఇక పాకడం సంగతి. ఈ జబ్బు కాలేయానికి, చర్మానికి, ఎముక మజ్జకు, ఎముకలకు, లింఫు గ్రంథులకు పాకుతుంది. అయితే ఏడాదిన్నర లోపు బిడ్డల్లో ఒక రకం ఉంది. అందులో జబ్బు కాలేయం, చర్మం, కొద్దిగా మజ్జ వరకే పాకుతుంది, ఎముకలను తాకదు. అమెరికా వైద్యులు 1971లోనే దీన్ని ప్రత్యేక దశగా గుర్తించారు. ఇలాంటి బిడ్డల్లో చాలామందికి గడ్డ దానంతటదే కరిగిపోతుంది. కొందరికి కొద్దిపాటి కీమో చాలు. జపాన్‌లో ఆరు నెలల పిల్లలందరికీ మూత్ర పరీక్ష చేసి ఈ జబ్బును వెతికారు. వాటంతటవే తగ్గిపోయే గడ్డలే ఎక్కువగా బయటపడ్డాయని తేలి, 2000 దశకం మొదట్లో ఆ పరీక్ష ఆపేశారు.

అలాగని ఇంట్లో కూర్చోవచ్చని కాదు. నెలల బిడ్డకు కాలేయం బాగా పెరిగితే ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది. ఎముకలకు పాకినా, గడ్డలో ‘మైక్‌ఎన్’ అనే జన్యువు ఎక్కువ ప్రతులుగా ఉన్నా జబ్బు మొండిది. దానికి కీమో, ఆపరేషన్, రేడియేషన్ కలిపి పెద్ద వైద్యమే కావాలి. ఏది ఏ రకమో మూత్ర పరీక్ష, స్కానింగ్, మజ్జ పరీక్ష, గడ్డ ముక్క పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. కాబట్టి డాక్టరుగారు ‘పాకింది’ అంటే మీరు మూడు ప్రశ్నలు అడగండి: ఎక్కడికి పాకింది? ఎముకలకు పాకిందా? జన్యు పరీక్ష చేశారా?

మొదట బళ్లారి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించి, అక్కడి నుంచి చీటీ రాయించుకుని బెంగళూరు కిద్వాయి ఆసుపత్రికి వెళ్లండి. మనకు బంధువులు ఆదోని, కర్నూలు వైపు ఉన్నా, మన రేషన్ కార్డు కర్ణాటకది. ఆంధ్ర ఆరోగ్యశ్రీ మనకు వర్తించదు. ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక పథకం కిందే అడగాలి. రేషన్ కార్డు, ఆధార్, బిడ్డ జనన పత్రం దగ్గర పెట్టుకోండి.

కన్నడంలోనో ఇంగ్లీషులోనో రాసిన కాగితం అర్థం కాకపోతే సంఘానికి తీసుకురండి, చదివి చెబుతాం. వైద్యం మాత్రం మధ్యలో ఆపకండి.