చవక షేరేది, ఖరీదైన షేరేది?

షేరు ధర 50 రూపాయలైతే చవక, 5,000 అయితే ఖరీదు అనుకోవడం పొరపాటు. ధరను కంపెనీ లాభంతోనో ఆస్తులతోనో పోల్చాకే ఆ మాట అనాలి. అందరూ ఎక్కువగా వాడే కొలమానం పీఈ. ఏడాది లాభంలో ఒక్కో షేరు వంతుకు వచ్చేది ఈపీఎస్. షేరు ధరను దానితో భాగిస్తే పీఈ వస్తుంది. లాభమే లేనిచోట ఈ లెక్క సాగదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994 వేలంలో 450 రూపాయలు పలికింది, 2025లో 35 లక్షలు. భక్తితో పాడిన ఆ పాటకు పీఈ కట్టే వీల్లేదు.

బాలాపూర్‌కు దగ్గర్లోనే, కంచన్‌బాగ్‌లో ఉన్న భారత్ డైనమిక్స్‌కు మాత్రం కట్టవచ్చు. సైన్యానికి క్షిపణులు తయారుచేసే ఈ ప్రభుత్వ సంస్థ 1970లో ఏర్పాటైంది. 2018 మార్చిలో 428 రూపాయల ధరతో పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. 2016-17లో దాని లాభం సుమారు 490 కోట్లు, షేర్లు 18.33 కోట్లు. షేరుకు దాదాపు 27 రూపాయల లాభం, అంటే పీఈ 16. అయినా మార్కెట్‌కు ఆనలేదు. లిస్టింగ్ రోజే ఇష్యూ ధర కన్నా కిందికి దిగింది. 2024 మేలో ఒక్కో షేరును రెండుగా విడగొట్టారు. ఆ కొత్త షేరే జూలై నాటికి 1,500 దాటింది. 2023-24 లాభం సుమారు 613 కోట్లు కాబట్టి పీఈ 90 చేరింది. లాభం పావు వంతు పెరిగితే ధర ఏడు రెట్లయింది! మిగతాదంతా చేతిలోని ఆర్డర్ల మీద, రాబోయే ఏళ్ల మీద పెట్టుకున్న ఆశ.

అందుకే పీఈని ఒంటరిగా చూడరు. అదే రంగంలోని కంపెనీలతో, ఆ కంపెనీ పాత సగటుతో పోలుస్తారు. బ్యాంకుల విషయంలో పుస్తక విలువకు (ఆస్తుల్లోంచి అప్పులు పోగా మిగిలేదానికి) ధర ఎన్ని రెట్లుందో చూడటం మేలు. పెట్టుబడుల నిపుణుడు బెంజమిన్ గ్రాహమ్ ఈ రెండు నిష్పత్తుల లబ్ధం 22.5 దాటకూడదన్నాడు. మరో ఇన్వెస్టర్ జోయెల్ గ్రీన్‌బ్లాట్ 2005లో ర్యాంకుల పద్ధతి చెప్పాడు: లాభంతో పోల్చితే ఎంత చవక, మూలధనంపై రాబడి ఎంత అని రెండు జాబితాలు వేసి ర్యాంకులు కూడాలి. ఒకదాంట్లో 10, రెండోదాంట్లో 40 అయితే మొత్తం 50. మొత్తం ఎంత తక్కువైతే షేరు అంత పైన ఉంటుంది.

ఇవన్నీ కంపెనీ చూపిన లెక్కలు నిజమనే నమ్మకం మీద నడిచేవే. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ 2008 సెప్టెంబరు చివరి లెక్కల్లో 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు చూపింది. షేరుకు దాదాపు 80 రూపాయలు. 179 రూపాయల షేరులో 80 నగదే అంటే ఏ కొలమానానికైనా చవకే! ఆ నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజే లేఖ రాశారు. ఆ ఒక్కరోజే షేరు 40 రూపాయలకు పడింది. ఏప్రిల్‌లో వేలం జరిగితే టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున పాడి కంపెనీని దక్కించుకుంది.